విమానం ఆలస్యమైతే – మూడో పాఠం: ఎంత అడగాలి, దేనికి అడగాలి

ముందు గత పాఠం చివర ఇచ్చిన లెక్క చూద్దాం. సాయంత్రం 7:50కి విశాఖ నుంచి బయల్దేరాల్సిన విమానం తెల్లవారుజామున 3 గంటలకు వెళ్తుందన్నారు. హోటల్ గది ఇవ్వాలా?

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ఇవ్వక్కర్లేదు. ఆలస్యం ఏడు గంటలు దాటిన మాట నిజమే. కానీ ఆరు గంటలు దాటితే గది ఇవ్వాలన్న నియమం రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య బయల్దేరాల్సిన విమానాలకే. 7:50 దానికి పది నిమిషాలు ఇవతల ఉంది. మిగతా విమానాలకు ఆలస్యం 24 గంటలు దాటితేనే గది. ఇదేం న్యాయం అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. అయినా కౌంటరు దగ్గర గొంతు పెంచే ముందు మన టికెట్ మీద ఉన్న టైము ఏ పక్క పడుతుందో చూసుకోవాలి.

ఈ పాఠంలో డబ్బు సంగతి. చాలామంది మనసులో ఒక అంకె ఉంటుంది: “విమానం లేటైతే పదివేలు ఇస్తారట కదా!” దేశంలో తిరిగే విమానం ఆలస్యమైనంత మాత్రాన ఇంత ఇవ్వాలని డీజీసీఏ ఎక్కడా రేటు పెట్టలేదు. 2010లో వచ్చి, తర్వాత సవరణలు పొందిన ఆ నిబంధనల్లో (సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4) ఆలస్యానికి ఉన్నవి తిండి, గది, లేదంటే టికెట్ డబ్బు వాపసు. రెండున్నర గంటల్లోపు ప్రయాణానికి రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే ఫలహారం ఇవ్వాలి. ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి వాపసో మనం ఎంచుకోవచ్చు.

మరి ఆ పదివేలు ఎక్కడివి? అవి రద్దుకు సంబంధించినవి. ముందుగా చెప్పకుండా విమానాన్ని రద్దు చేస్తే, గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటలలోపు అయితే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు. అయితే పేపర్లో హెడ్డింగుకు ఎక్కని ముక్క ఒకటుంది. ఆ అంకె, మన ఒకవైపు బేసిక్ ఛార్జీ ప్లస్ ఇంధన ఛార్జీ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. విశాఖ–హైదరాబాద్ ప్రయాణం గంట దాటుతుంది కాబట్టి 7,500 వరస. టికెట్‌కు మీరు 4,600 కట్టినా, అందులో బేసిక్, ఇంధనం కలిపి 3,400 ఉంటే మీకొచ్చేది 3,400. ఇది టికెట్ వాపసుకు అదనం. వాళ్లు చూపించిన వేరే విమానం ఎక్కేస్తే మాత్రం ఈ సొమ్ము రాదు. బుకింగ్‌లో ఫోన్ నంబరు ఇవ్వకపోయినా రాదు. ఏజెంటు తన నంబరే పెట్టి ఊరుకునే అలవాటు మనవైపు బాగా ఉంది, ఈసారి టికెట్ చేయించేటప్పుడు మీ నంబరు ఎక్కించమని అడగండి.

సీటు ఖరారై, టైముకు వచ్చినా ఓవర్‌బుకింగ్ (ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మడం) వల్ల ఎక్కనివ్వకపోతే అది మూడో రకం. గంటలోపు వేరే విమానం చూపిస్తే ఏమీ రాదు. 24 గంటల్లోపు చూపిస్తే బేసిక్, ఇంధన ఛార్జీలకు రెట్టింపు, గరిష్ఠంగా 10,000. అది కూడా దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000.

కాబట్టి అర్జీ రాసే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: మనకు జరిగింది ఆలస్యమా, రద్దా, ఎక్కనివ్వకపోవడమా? కౌంటరులో “లేటు” అన్నారని లేటు అయిపోదు. బోర్డింగ్ పాస్ మీద విమానం నంబరు మారిందేమో చూడండి. మొదటి నంబరు విమానం అసలు ఎగరకుండా, మిమ్మల్ని తర్వాతి విమానంలో సర్దితే దాని పేరు రద్దు.

ఇక ఆలస్యమే అయితే డబ్బు రాదా? వస్తుంది, వేరే దారిలో. క్యారేజ్ బై ఎయిర్ చట్టం 1972లోదనీ, దాని మూడో షెడ్యూలులో విమాన సంస్థల బాధ్యతపై దేశాల మధ్య కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఉందనీ మొదటి పాఠంలో చెప్పుకున్నాం. 2014 జనవరి నోటిఫికేషన్‌తో అది దేశీయ ప్రయాణాలకూ వర్తిస్తోంది. అందులో 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి విమాన సంస్థ బాధ్యత వహించాలి. దాన్ని తప్పించడానికి తీసుకోదగ్గ చర్యలన్నీ తీసుకున్నామని, లేదా అలా తీసుకోవడం సాధ్యం కాలేదని సంస్థే రుజువు చేసుకుంటే తప్ప. దేశీయ ప్రయాణంలో దీనికి పరిమితి మనిషికి 80,000 రూపాయలు. అర్థం ఏమిటంటే, గంటకు ఇంత అని లెక్క కట్టరు. మీకు ఏం పోయింది, ఎలా చూపిస్తారు అన్నదే లెక్క.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. శ్రీకాకుళంలో ఒక టీచరుగారు, వాళ్లమ్మగారిని హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. బస్సులో విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌కు, అక్కణ్ణుంచి ఆటోలో విమానాశ్రయానికి వచ్చారు. విమానం రాత్రి 8:20కి. సాయంత్రం 6:40కి మెసేజ్ వచ్చింది, 9:30 అని. రాత్రి 9:05కి ఇంకోటి, 11:15 అని. 10:50కి మూడోది, తెల్లవారుజామున 2:55 అని. మధ్యలో ఇద్దరికీ శాండ్‌విచ్, జ్యూస్ ఇచ్చారు. గది అడిగితే “ఇరవైనాలుగు గంటలు దాటితేనే మేడమ్” అన్నారు. పెద్దావిడ కుర్చీలో కూర్చోలేకపోతుంటే విమానాశ్రయానికి దగ్గర్లోని ఎన్ఏడీ కూడలిలో ఒక లాడ్జిలో గది తీసుకున్నారు: 1,700. యాప్‌లో బుక్ చేసిన ఆటోలు రాను పోను 460. లాడ్జికి వెళ్లే దారిలో టిఫిన్ 380. హైదరాబాద్‌లో ఆ రాత్రికి ముందే డబ్బు కట్టిన గది 2,600, వాడుకోలేదు. పొద్దున్న 9:30కి డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం అందింది.

ఇందులో ఏవి అడగాలి? 8:20 అంటే రాత్రి 8 దాటిన విమానం. ఆలస్యం ఆరు గంటల ముప్ఫయి అయిదు నిమిషాలు. గది వాళ్లే ఇవ్వాలి, రానుపోను బండి కూడా. ఇక్కడ విశాఖవాళ్లకో మాట: అవసరమైతేనే గది అని నియమంలో ఉంది. మీ ఇల్లు విశాఖలోనే గోపాలపట్నంలో ఉంటే “ఇంటికెళ్లి రండి” అంటారు, అది తప్పు కూడా కాదు. శ్రీకాకుళం మనిషికి అలా చెప్పలేరు. కాబట్టి 1,700, 460 గట్టిగా అడగొచ్చు. హైదరాబాద్ గది 2,600 నేరుగా ఆలస్యం వల్ల పోయిన డబ్బు, రశీదు ఉంది, అదీ అడగాలి. టిఫిన్ 380 సంగతికొస్తే, నేనైతే వదిలేయమంటాను. ఫలహారం ఇచ్చారు కదా. చిన్నదానికి పట్టుబడితే పెద్దది చదివే మనిషి మనసు విరుగుతుంది. అపాయింట్‌మెంట్ పోలేదు కాబట్టి దాని ఊసెత్తకూడదు. విమానంలో వెళ్లారు కాబట్టి టికెట్ వాపసూ అడగలేరు. మొత్తం 4,760.

“ఇంతేనా, మరి ఆ టెన్షన్‌కు, నిద్ర లేకపోవడానికి?” మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు వినియోగదారుల కమిషన్ దగ్గర అడగాల్సినవి. సంస్థకు రాసే మొదటి అర్జీలో అవి పెడితే ఖర్చుల లెక్క కూడా బేరంలా కనిపిస్తుంది. కమిషన్ దగ్గరైనా ఆరున్నర గంటల ఆలస్యానికి అయిదు లక్షలు అడిగేవాళ్లున్నారు. అడగడానికి చట్టం అడ్డు చెప్పదు, కానీ కాగితం తెరవగానే తేలికైపోతాం.

ఇప్పుడు కారణం. అడ్డంకి ఎక్కువగా వచ్చేది ఇక్కడే. “వాతావరణం” అన్న ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు. నిజంగా వాతావరణమే అయితే డబ్బు రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ విమానాశ్రయం టెర్మినల్‌నే దెబ్బతీసింది. దానికి ఏ సంస్థను అడుగుతాం? పొగమంచు విషయంలో సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో ప్రయాణికుడు విమానంలోనే గంటల తరబడి ఇరుక్కుపోయాడు. హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్ 10,000 ఇమ్మంది, సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే అదే తీర్పులో, కారణం సంస్థ చేతిలో లేకపోయినా తిండి, నీళ్లు లాంటి కనీస సౌకర్యాలు చూసే బాధ్యత మాత్రం పోదని చెప్పింది. మన టీచరుగారి గది వాదనకు ఇదే ఊతం.

వాతావరణం నిజమా కాదా అన్నది ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. విశాఖ విమానాశ్రయానికి వాతావరణ నివేదికల్లో కోడ్ వీఓవీజెడ్. టికెట్ మీద ఉండే వీటీజెడ్ వేరు, ఇది వేరు. మెటార్ అనే ఆ నివేదికలు పాతవి కూడా దొరుకుతాయి. తర్వాత విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 వెబ్‌సైట్‌లో మీ విమానం అంతకుముందు ఎక్కడినుంచి రావాల్సి ఉందో చూడండి. మన సాయంత్రం విమానాలు చాలావరకు వేరే ఊళ్లు తిరిగి వస్తాయి. విశాఖలో ఆకాశం నిర్మలంగా ఉన్నా పొద్దున్న ఢిల్లీలో మంచు పట్టి ఉండొచ్చు. హైదరాబాద్‌కే వెళ్లే మరో సంస్థ విమానం అదే గంటలో ఎగిరిందా? ఎగిరితే ఆ వివరం రాసుకోండి. దాంతోనే గెలవం గానీ, సంస్థ వివరంగా జవాబు చెప్పక తప్పదు.

మన ఊరికే ఉన్న ఇంకో కారణం, రన్‌వే. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా మీద ఉంది. 2023 నవంబరు నుంచి కొన్ని నెలలు రన్‌వే పనులకోసం రాత్రిపూట మూసేశారు కూడా. ఇలాంటివి ముందే ప్రకటిస్తారు. ముందే తెలిసిన మూసివేతను ఆఖరి నిమిషంలో కారణంగా చెబితే, “ఇది మీకు ఎప్పుడు తెలిసింది?” అని రాతపూర్వకంగా అడగండి. సాంకేతిక లోపం అన్నప్పుడూ అంతే. విమానం బాగోగులు చూసుకోవడం సంస్థ పనే, కాబట్టి ఆ జవాబుతో ఆగిపోకండి.

ఇక అర్జీ. సంస్థకు పంపేటప్పుడు ఇంగ్లీషులో, ఇవే చిన్న వాక్యాలతో రాయండి. ముందు తెలుగులో ఇలా కట్టుకుంటే చేయి తిరుగుతుంది:

“అయ్యా, పీఎన్‌ఆర్ ఫలానా, విమానం నంబరు ఫలానా, తేదీ ఫలానా. విశాఖపట్నం నుంచి రాత్రి 8:20కి బయల్దేరాల్సిన ఈ విమానం తెల్లవారుజామున 3:10కి బయల్దేరింది. మీరు పంపిన మూడు మెసేజ్‌ల కాపీలు జతచేశాను. మాకు ఫలహారం ఇచ్చారు. 10:50కి గది అడిగితే 24 గంటలు దాటితేనే ఇస్తామన్నారు. రాత్రి 8 తర్వాత బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనప్పుడు గది ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. మా అమ్మగారి వయసు 71. గది, ఆటోలకు 2,160, హైదరాబాద్‌లో వాడుకోలేని గదికి 2,600, మొత్తం 4,760 రూపాయలు నాకు చెల్లించండి. ఆలస్యానికి కారణం ఏమిటో రాతపూర్వకంగా తెలపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.”

ఫలహారం ఇచ్చిన సంగతి కూడా రాశాం, గమనించారా? దాచితే వాళ్లు పట్టుకునేది ఆ వాక్యాన్నే. తిట్లు లేవు, “మీలాంటి పెద్ద సంస్థ” లాంటివీ లేవు.

జవాబు రాకపోతే సంస్థ వెబ్‌సైట్‌లో నోడల్ ఆఫీసరు, ఆ పైన అప్పిలేట్ అధికారి వివరాలుంటాయి, వరసగా వాళ్లకు. తర్వాత పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవా. అది డబ్బు ఇప్పించే కోర్టు కాదు, కానీ అక్కడ ఫిర్యాదు పడితే సంస్థ జవాబు రాస్తుంది. ఆ జవాబు మనకు కాగితం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. టీచరుగారు శ్రీకాకుళంలో వేసుకోవచ్చు, ఢిల్లీయో గురుగ్రామో వెళ్లక్కర్లేదు. ఫీజు మీరడిగే మొత్తాన్ని బట్టి కాదు, టికెట్‌కు కట్టినదాన్ని బట్టి. అయిదు లక్షల లోపు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఇ-జాగృతిలో దాఖలు చేయడం తర్వాతి పాఠంలో ఒక్కో తెరా చూసుకుంటూ చేద్దాం.

పిల్లలు జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఉన్నవాళ్లు ఇది కూడా తెలుసుకోండి. యూరోపియన్ యూనియన్ దేశం నుంచి బయల్దేరే విమానానికి, అది ఎయిర్ ఇండియా అయినా సరే, అక్కడి 261/2004 నియమం వర్తిస్తుంది. గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే, కారణం సంస్థ అదుపులోనిదైతే, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా నగదు. అక్కడ ఆలస్యానికే రేటుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లేటప్పుడు మాత్రం యూరప్ సంస్థ విమానమైతేనే వర్తిస్తుంది.

వచ్చే పాఠానికి లెక్క: రాత్రి 9:10కి విశాఖ నుంచి హైదరాబాద్ విమానం. అక్కణ్ణుంచి రాత్రి 1:30కి దుబాయ్ విమానం, వేరే సంస్థది, వేరే టికెట్. మొదటిది మూడున్నర గంటలు ఆలస్యమై దుబాయ్ విమానం తప్పిపోయింది. మొదటి సంస్థ “రెండోది మా టికెట్ కాదు” అంటోంది. 19వ అధికరణం కింద ఏం అడుగుతారు, వాళ్లు ఏమని జవాబు చెప్పొచ్చు? రెండు వైపులా చెరి నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి.