స్టేషన్ నుంచి కోర్టు దాకా - 4వ పాఠం: ప్లీడరు గారి గదిలో మొదటి గంట

పోయిన పాఠంలో ఎఫ్‌ఐఆర్ చదవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ కాపీ పట్టుకొని ప్లీడరు గారి గది మెట్లెక్కుదాం.

మొదటి పాఠం నుంచీ అభ్యాసం కోసం ఒక కేసు అనుకుంటూ వస్తున్నాం కదా, అదే కొనసాగిద్దాం. టెక్కలి దగ్గరి ఒక ఊళ్లో పొలం గట్టు మీద తగాదా వచ్చింది. కర్రలు లేచాయి, అవతలాయన తలకు దెబ్బ తగిలింది. ఎఫ్‌ఐఆర్‌లో నిందితులుగా అన్నదమ్ములు ముగ్గురి పేర్లూ వరస నంబర్లతో ఎక్కాయి: ఏ1, ఏ2, ఏ3. చిన్నవాడు ఏ3 ఆ రోజు ఊళ్లోనే లేడు, విశాఖలో డ్యూటీలో ఉన్నాడు.

నేను శ్రీకాకుళంలో ఒక ప్లీడరు గారి దగ్గర చాలా ఏళ్లు గుమాస్తాగా చేశాను. గదిలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టే మాట ఒకటే: "ఆళ్లు మా తాత కాలం నుంచీ మామీద కక్ష కట్టారు బాబూ." అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు పాత పగలే నడుస్తాయి. ఆ బాధ నిజమే, కాదనను. కానీ బెయిల్ పిటిషన్‌కు కావలసింది ఆ రోజు ఉదయం ఎన్ని గంటలకు ఎవరు ఎక్కడ ఉన్నారన్నది.

అందుకే బయల్దేరే ముందు ఒక తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు వరసగా రాసుకోండి. "వాళ్లే ముందు గొడవకు వచ్చారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "ఏడున్నరకి మా అన్న గట్టు దగ్గరకు వెళ్లాడు. అవతలాయన, ఆయన బావమరిది అప్పటికే పారలతో గట్టు తవ్వుతున్నారు. పక్క మడిలో ఇద్దరు కూలీలు నాట్లు వేస్తున్నారు" అని రాయండి. ఆ చివరి వాక్యం చూశారా? సాక్షులు దొరికేది అలాంటి వాక్యంలోనే. ఏ3 విషయంలో డ్యూటీ హాజరు, బస్సు టికెట్, ఫోన్‌పేలో టీ డబ్బులు కట్టిన మెసేజ్, ఏది ఉంటే అది జత చేయండి. సీసీ కెమెరా ఫుటేజీ కొద్దిరోజుల్లోనే చెరిగిపోతుంది కాబట్టి ఆ మాట ప్లీడరు గారికి మొదటే చెప్పాలి.

ఇక నిజం దాచకండి. కర్ర మీ చేతిలో ఉంటే ఉందనే చెప్పండి. మీరు ప్లీడరుకి చెప్పుకున్న మాట ఆయన మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ చెబుతోంది. ఆయన గుమాస్తాకీ అదే నియమం. సాక్షిని బెదిరిద్దామా, దొంగ కాగితం పుట్టిద్దామా అని అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. సగం దాచిన కేసు సాక్షి బోనెక్కిన రోజు బయటపడుతుంది. అప్పుడు మీ ప్లీడరు చేయగలిగింది చాలా తక్కువ.

మంచి ప్లీడరును ఎలా గుర్తుపట్టాలని చాలామంది అడుగుతారు. ఆయన చెప్పే జవాబుల కంటే వేసే ప్రశ్నలు గమనించండి. మన కేసులో మొదటి ప్రశ్న దెబ్బ గురించే రావాలి: "ఎముక విరిగిందా? గాయం సర్టిఫికెట్ వచ్చిందా?" ఎందుకంటే కర్రలాంటి ప్రమాదకర ఆయుధంతో మామూలు గాయమైతే భారతీయ న్యాయ సంహిత 118(1), శిక్ష 3 ఏళ్ల వరకు. ఎముక విరిగితే అది తీవ్ర గాయం. అప్పుడు 118(2), శిక్ష యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఎక్స్‌రేలో కనిపించే ఒక్క గీతతో కేసు రూపమే మారిపోతుంది. 7 ఏళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది. ఇలాంటి కేసుల్లో అరెస్టుకు బదులు పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవడం దారి. ఆ నోటీసు వచ్చిందా అని కూడా అడగని ప్లీడరు, సర్టిఫికెట్ చూడకుండానే "రెండు రోజుల్లో బయటకు తెస్తా" అంటే, ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి. ఫలితానికి ఏ ప్లీడరూ గ్యారంటీ ఇవ్వలేడు.

అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే ప్లీడరా? ఖర్చు కలిసొస్తుందని అలాగే పెట్టుకుంటారు. చాలాసార్లు బాగానే నడుస్తుంది. కానీ మన కేసులో ఏ3 వాదన "నేను అక్కడ లేను". ఏ1 వాదన "ఉన్నాను, నన్ను నేను కాపాడుకున్నాను". ఈ రెండూ ఎక్కడైనా ఒకదానికొకటి అడ్డం వస్తాయా అని ముందే నేరుగా అడగండి. వస్తాయంటే చిన్నవాడికి వేరే ప్లీడరు ఉండటం మంచిది. ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, అయినా చెప్పి ఒప్పించండి.

ఇంకొకటి. గట్టు తగాదాల్లో కౌంటర్ కేసు, అంటే ఇటువైపు నుంచి అవతలివాళ్ల మీద కూడా కేసు, తప్పనిసరిగా ఉంటుందనుకోండి. టెక్కలి, సోంపేట, బొబ్బిలి లాంటి చోట బార్, అంటే ప్లీడర్ల సంఖ్య, చిన్నది. మీరు వెళ్లిన గదికి అవతలివాళ్లు నిన్ననే వచ్చి ఉండొచ్చు. కూర్చోగానే అడగాల్సిన ప్రశ్న: "అవతలివాళ్లు మిమ్మల్ని కలిశారా అండీ?" ఒక పక్షానికి సలహా ఇచ్చిన ప్లీడరు అదే కేసులో ఎదుటి పక్షానికి నిలబడకూడదు.

ఫీజు మాట సిగ్గుపడకుండా, మొదటి రోజే తేల్చుకోవాలి. బెయిల్‌కి ఎంత? చార్జిషీటు వచ్చాక విచారణకి ఎంత? పెద్ద సెక్షన్ అయితే బెయిల్ కోసం శ్రీకాకుళం సెషన్స్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. ఆయనే వస్తారా, అక్కడి ప్లీడరుకు అప్పగిస్తారా? ఆ ఫీజు ఇందులోనే కలిసి ఉందా? వాయిదాలకు ఆయన వస్తారా, జూనియరా? ఈ జవాబులు కాగితం మీద రాయించుకుని, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. "గెలిస్తే ఇంత ఇవ్వండి" అనే బేరం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం కుదరదు.

గేటు దగ్గర కాచుకునే మధ్యవర్తుల గురించి ఒక్కటి చెబుతాను. ఒక తండ్రి కొడుకు కేసు కోసం అలాంటివాడి చేతిలో మొత్తం డబ్బు పోశాడు. "వాయిదాలు నేను చూసుకుంటా" అన్నాడట. అసలు వకాల్తాయే, అంటే ప్లీడరుకు మన తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితమే, దాఖలు కాలేదు. ఆయన మా గదికి వచ్చేసరికి కొడుకు పేరున నాన్‌బెయిలబుల్ వారెంట్ ఉంది. సంచిలోంచి చిల్లర నోట్లు తీసి బల్ల మీద సర్దుతూ "ఇయ్యి సరిపోతాయా బాబూ" అని అడిగిన ఆ చేతులు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు నంబరు కొడితే తర్వాతి వాయిదా తేదీ, ప్లీడరు పేరు కనిపిస్తాయి. వకాల్తా ఇచ్చిన వారం తర్వాత మీరే చూసుకోండి.

డబ్బు లేకపోతే? 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. ఆదాయ పరిమితి లోపు ఉన్న మిగతావాళ్లకు కూడా ఇస్తారు. ఊరకే వచ్చిన ప్లీడరు సరిగా చేయడని ముందే అనుకోకండి. ఆయన్నీ పై ప్రశ్నలే అడగండి.

అభ్యాసం: ఏ3 తరఫున ఒక పేజీ మించకుండా వరస రాయండి. డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము, తనతో ఉన్న ఇద్దరి పేర్లు, ఆ రోజు వచ్చిన ఫోన్ కాల్స్. దాని కింద ప్లీడరు గారిని అడగాల్సిన ప్రశ్నలు మీ మాటల్లో ఐదు రాయండి. వచ్చే పాఠంలో వకాల్తా కాగితం ముందు పెట్టుకొని, సంతకం చేసే ముందు ఏ లైను దగ్గర ఆగాలో చూద్దాం. అప్పుడు ఈ పేజీ మీ చేతిలో ఉండాలి.