రంగు వేశాక వెనక బరువెక్కిన ఎయిలరాన్

కాంపోజిట్ (ఫైబర్ పొరలతో చేసిన) విమానం ఎయిలరాన్‌కి, అంటే రెక్క వెనక అంచున హింజ్ మీద కదిలే పలకకి, రంగు ఆరాక బ్యాలెన్స్ మళ్లీ చూస్తే వెనక అంచు కిందికి వాలిపోయింది. రంగుకు ముందు డ్రాయింగ్‌లో చెప్పినట్టే నిలిచింది మరి! ఇలా వదిలేస్తే వేగంలో ఫ్లట్టర్, అంటే అదుపు లేకుండా పెరిగిపోయే అదురు, వచ్చే ప్రమాదం ఉంది. అది రెక్కనే విరగ్గొట్టగలదు.

ముందు అంచులో సీసం కలపడం సులువే. కానీ హింజ్ నుంచి వెనక అంచు 20 సెంటీమీటర్లు, సీసం పెట్టే చోటు 4. అంటే వెనక 10 గ్రాములకు ముందు 50 గ్రాములు మోయాలి. దండగ! అందుకే వెనక పేరుకున్న ఫిల్లర్, ప్రైమర్‌లను ఫైబర్ పొర తగలకుండా వాటర్ పేపర్‌తో రుద్ది తీసేసి, పల్చగా రంగు వేశాను. హింజ్ పిన్నులను రెండు కత్తి అంచుల మీద ఆనించి చూశాను. ఫ్యాన్ ఆపాల్సిందే, లేదంటే తెగ ఊగుతుంది. మిగిలిన కాస్త తేడాకి చిన్న సీసం ముక్కను ఎపాక్సీతో అతికించి, స్క్రూ కూడా బిగించాను. ఇలాంటి చోట ఒక్క ఎపాక్సీని నేను నమ్మను.