స్లీవ్ ఆపరేషన్ తర్వాత తొలి ముద్ద దాకా ఎలా రావాలి?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ తిండి చూసుకోవడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా హైదరాబాదులో ఇదే పని. ఆపరేషన్ సరిగ్గా కుదరక తిరిగొచ్చినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు. ఇంట్లో ఎవరో ప్రేమకొద్దీ పెట్టిన పెరుగన్నం తిని, వాంతులతో తిరిగొచ్చినవాళ్ళు మాత్రం చాలామంది కనబడ్డారు. "రెండు ముద్దలేనమ్మా, మెత్తగా పిసికి పెట్టాను" అంటుంది తల్లి. అది ఆపరేషనైన తొమ్మిదో రోజు!

అందుకే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా స్లీవ్ చేయించుకున్నవాళ్ళకి. ఇందులో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం, దాని పొడవునా సన్నని పిన్నులతో వేసిన కుట్టు. బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) అయినవాళ్ళకీ మెట్లు దాదాపు ఇవే. కాకపోతే వాళ్ళు తీపి విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. లడ్డూ ముక్క తిన్న అరగంటలో గుండె దడ, చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి. మీ సర్జన్ రాసిచ్చిన కాగితానికీ నా మాటకీ తేడా వస్తే కాగితమే పాటించండి.

కావలసినవి

టీ చెంచా, వంద మిల్లీలీటర్లు పట్టే చిన్న స్టీలు గిన్నె, చట్నీ జారు ఉన్న మిక్సీ, టీ వడకట్టే జల్లెడ, గీతలున్న నీళ్ళ సీసా, డాక్టరు రాసిన విటమిన్లు, ప్రోటీన్ పొడి. ఇంతకు మించి ఏమీ కొనకండి. గిన్నె స్టీలుదే అయివుండాలి. పింగాణీ పళ్ళెంలో కొంచెం తిండి చూస్తే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు: గుక్కలు

మొదటి రెండు మూడు రోజులు తేట ద్రవాలే. నీళ్ళు, వడకట్టిన చికెన్ సూప్, మజ్జిగ తేట. టీ చెంచాతో రెండు మూడు చెంచాలు, పది పదిహేను నిమిషాలకోసారి. గటగటా తాగేవాళ్ళకి రొమ్ము మధ్యలో పట్టేస్తుంది. స్ట్రా వద్దు, సోడా అసలే వద్దు. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపిస్తారు. విసుక్కోకుండా నడవండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. బరువులు నెలా నెలన్నర ఎత్తకండి. నీళ్ళ బిందె కూడా బరువే.

తర్వాత రెండో వారం ముగిసేదాకా పాలు, పల్చటి పెరుగు, ప్రోటీన్ పొడి కలిపిన మజ్జిగ. ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ జరిగే పొరపాటొకటి ఉంది. "రాగి జావ తాగిస్తున్నాం, పప్పు కట్టు తాగిస్తున్నాం, బలం వస్తుంది కదా మేడమ్" అంటారు. రోజుకి కావలసిన ప్రోటీన్ 60 నుంచి 80 గ్రాములు. గ్లాసు జావలో పడే రెండు చెంచాల రాగిపిండిలో ఉండేది గ్రాము, గ్రామున్నర. పప్పు కట్టులో అంతకంటే ఎక్కువేమీ దిగదు, ప్రోటీన్ అడుగున ఉండిపోయిన పప్పులోనే ఉంది. పావు లీటరు పాలలో ఎనిమిది గ్రాములు, ఒక స్కూపు వే (పాల విరుగుడు నీళ్ళ నుంచి తీసే) ప్రోటీన్‌లో ఇరవై పైన వస్తాయి. పట్టేదే వంద మిల్లీలీటర్లయినప్పుడు, అందులో సగం జావతో నింపితే మిగతాది ఎక్కడ పెడతారు? పొడి అంటే భయపడేవాళ్ళని చూస్తే నాకు బాధ వేస్తుంది. కండ కరిగిపోయి, మూడు నెలలకి మెట్లెక్కలేక ఆయాసపడేది వాళ్ళే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ రోజుల్లో జ్వరం వచ్చినా, కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటుతున్నా, కడుపునొప్పి పెరుగుతున్నా, ఎడమ భుజం లాగుతున్నా "గ్యాస్ అయ్యుంటుందిలే" అనుకోకండి. అది కుట్టు కారడం కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్ళండి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్, బీపీ మాత్రలు పాత మోతాదులోనే మింగేవాళ్ళూ ఉన్నారు. తిండి ఇంత తగ్గాక అదే మోతాదు వేసుకుంటే షుగరు పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ఇంటికి వెళ్ళేముందే ఏది ఆపాలో, ఏది తగ్గించాలో అడిగి రాయించుకోండి. ఒంటి నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని వేసుకోకండి. బైపాస్ అయినవాళ్ళకి అవి పుండు పెడతాయి.

మూడు, నాలుగు వారాలు: మెత్తనివి

ఇది సులువైన దశ. మిక్సీ పట్టిన ముద్దపప్పు, నలిపిన పనీరు, జారుగా వేయించిన గుడ్డు, ముళ్ళు తీసి చిదిమిన చేప. పూటకి మూడు నాలుగు చెంచాలు, రోజుకి ఐదారు పూటలు. కారం సగానికి తగ్గించండి. ఆవకాయ జాడీ వైపు చూడకండి.

ఐదో వారం: తొలి ముద్ద

చెడిపోయేదంతా ఇక్కడే చెడుతుంది, కాబట్టి నిదానంగా చదవండి.

మనం అన్నం నమలం. ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా నిజం ఇదే. పప్పన్నం, సాంబారన్నం, పెరుగన్నం ఏదైనా సరే, కలుపుతాం, పిసుకుతాం, నిమ్మకాయంత ముద్ద చేస్తాం, నోట్లో పెట్టుకుని రెండు సార్లు దవడ ఆడించి మింగేస్తాం. పళ్ళు చేయాల్సిన పని వేళ్ళు చేసేస్తాయి. చిన్నప్పుడు అమ్మ గోరుముద్దలు పెట్టినప్పటి నుంచీ అదే అలవాటు. పాత పొట్ట ఈ ముద్దని ఎలాగో సర్దుకునేది. ఇప్పుడున్న గొట్టం సర్దుకోలేదు. సర్జన్ పొట్ట కోశాడు గానీ ముద్ద చేసే చేతిని మార్చలేదు. దాన్ని మార్చుకోవాల్సింది మీరే.

అందుకే తొలి గట్టి ఆహారం అన్నం కాకూడదు. మెతుకులు ఒకదానికొకటి అంటుకుని, ఉండ కట్టి, సరిగ్గా గొట్టం ఇరుకైన చోట కూర్చుంటాయి. బ్రెడ్డు తడిసి పిండిముద్ద అవుతుంది. చపాతీ, దోసె కూడా అంతే. ఇడ్లీ మెత్తన కదా అంటారు. మెత్తనే, కానీ స్పాంజిలా ఉబ్బుతుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన పొడిపొడిగా ఉండి గొంతు పట్టేస్తుంది. చికెన్ పీచులు అసలే ఆగవలసినవి, వాటి సంగతి ఏడో వారంలో చూసుకోవచ్చు.

నా లెక్కలో తొలి ముద్ద కొరమీను. చింతపండు తగ్గించి, కారం తగ్గించి పులుసు పెట్టి, అందులో ముక్క తీసుకోండి. ముళ్ళు తక్కువ, రేకులు రేకులుగా విడిపోతుంది, తడిగా ఉంటుంది. చేప తిననివాళ్ళకి ఇంట్లో విరిచిన పనీరును పల్చటి టమాటా రసంలో ఉడికించి పెట్టండి. ఓట్స్ ఉప్మాతో మొదలుపెట్టించే డైటీషియన్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. అది జిగురు, పైగా అందులో ప్రోటీన్ తక్కువ.

సమయం మధ్యాహ్నం, అదీ ఇంట్లో. రాత్రి వద్దు. పడుకునే ముందు పట్టేస్తే తెల్లవార్లూ కూర్చోవాలి. తినడానికి అరగంట ముందు నీళ్ళు ఆపేయండి. టీవీ ఆపండి, ఫోను పక్క గదిలో పెట్టండి, ఎవరితోనూ మాట్లాడకండి. ఈ ఒక్క పూట మీ పక్కన ఎవరూ కూర్చోకపోవడమే మంచిది. కూర్చుంటే "ఇంకొంచెం" అనకుండా ఉండలేరు.

గిన్నెలో రెండు చెంచాల చేప పెట్టుకోండి. అందులోంచి శనగ గింజంత ముక్క తీసి నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టేయండి. చేతిలో పట్టుకుని ఉంటే చెయ్యి దానంతటదే రెండోది తెస్తుంది. ఇక నమలండి. ముప్ఫై రెండు సార్లు లెక్కపెట్టమని చెప్పేవాళ్ళున్నారు. లెక్క మీద ధ్యాస పడితే నోట్లో ఏముందో తెలియదు. నేను చెప్పే పరీక్ష వేరు. నాలుకతో అంగిలికి అదిమి చూడండి. ఎక్కడైనా చిన్న పలుకు తగిలితే ఇంకా నమలాలి. ఏమీ తగలకుండా, జావలా అయ్యాకే మింగండి. మింగాక గడియారం చూసి ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో అది కిందికి దిగుతుంది, మీకు తెలుస్తుంది. ఆ తర్వాతే రెండోది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కడుపు నిండినట్టు మీకు పాత పద్ధతిలో తెలియదు. త్రేనుపు వచ్చేదాకా తినే అలవాటున్నవాళ్ళు ఆ త్రేనుపు కోసం ఎదురుచూస్తారు. అది వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కొత్త గుర్తులు వేరేగా ఉంటాయి. ఒకరికి ముక్కు కారుతుంది, ఒకరికి తుమ్ము, ఒకరికి ఎక్కిళ్ళు, ఇంకొకరికి ఉన్నట్టుండి పెద్ద నిట్టూర్పు. చాలామందికి రొమ్ముల మధ్య బొటనవేలితో నొక్కినట్టు ఉంటుంది. మీ గుర్తు ఏదో మొదటి వారంలోనే కనిపెట్టండి. అది రాగానే ఆపేయాలి. నోట్లో సగం నమిలింది ఉన్నా సరే, ఉమ్మేయండి. ఆ తర్వాతి ముక్కే పట్టేసే ముక్క. నా దగ్గరికొచ్చినవాళ్ళు ప్రతి ఒక్కరూ "ఆ చివరి ముక్క తినకుండా ఉండాల్సింది" అన్నవాళ్ళే.

గిన్నెలో చెంచాడు మిగిలిపోతే పారేయడానికి మనసొప్పదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగినవాళ్ళం. అందుకే పెట్టుకునేటప్పుడే తక్కువ పెట్టుకోండి. ఇరవై నిమిషాలకి ముగించండి, అరగంట మాత్రం దాటనివ్వకండి. గంటసేపు కొంచెం కొంచెంగా తినేవాళ్ళు తెలియకుండానే రెండింతలు తింటారు.

పట్టేస్తే ఏం చేయాలి? రొమ్ములో బిగిసినట్టు ఉంటుంది, నోట్లో నురుగులా చొంగ ఊరుతుంది. పొలమారినప్పుడు నీళ్ళివ్వడం మన ఇళ్ళలో అందరికీ అలవాటు. ఇక్కడ నీళ్ళు తాగకూడదు! దారి మూసుకున్న గొట్టంలో నీళ్ళు పోస్తే పైకే వస్తాయి, వాంతితో నొప్పి రెట్టింపవుతుంది. లేచి నిలబడండి, మెల్లగా నడవండి, నురుగు ఉమ్మేయండి. చాలాసార్లు పావుగంటా అరగంటలో దానంతటదే దిగిపోతుంది. గంటలు గడిచినా ఉమ్ము కూడా మింగుడుపడకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. దిగాక ఆ పూటకి తిండి చాలు. మర్నాడంతా మళ్ళీ ద్రవాలు, ఆ పైన మళ్ళీ అదే చేప.

తిన్న తర్వాత అరగంట నీళ్ళు వద్దు. తిన్నదాన్ని నీళ్ళు తోసేస్తే గొట్టం ఖాళీ అయి మళ్ళీ ఆకలేస్తుంది. ఆ అరగంట తర్వాత మాత్రం సీసా దగ్గర పెట్టుకుని గుక్క గుక్కగా తాగుతూనే ఉండండి, రోజుకి లీటరున్నర తగ్గకూడదు.

భయపడి మూడు నెలలు మిక్సీలోనే ఉండిపోయేవాళ్ళది మరో కథ. మెత్తనిది జారిపోతుంది, నిండినట్టు ఉండదు, అందుకని గంటకోసారి ఏదో ఒకటి నోట్లో పడుతుంది. బిస్కెట్టు, మిక్చరు, ఐస్‌క్రీము, ఇవన్నీ ఏ అడ్డూ లేకుండా దిగిపోతాయి. చేప ముక్క పట్టేస్తుంది గానీ జంతికలు పట్టవు. బరువు మళ్ళీ పెరిగేది ఈ దారిలోనే. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్ని కోసేశారు కాబట్టి మొదటి నెలల్లో ఆకలి తెలియదు. ఆ నెలల్లోనే గట్టి ఆహారం నమిలి తినడం నేర్చుకోవాలి. ఆకలి తిరిగొచ్చాక నేర్చుకోవడం చాలా కష్టం.

ఆ తర్వాత

అన్నం మూడో నెలలో. ముందు చేపో గుడ్డో పనీరో, తర్వాత కూర, ఇంకా చోటుంటే రెండు చెంచాల అన్నం. ముద్ద చేయకుండా, చెంచాతోనే. చేత్తో తింటేనే తృప్తి అంటారు. ఏడాది ఆగండి.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిన్, బీ12, డీ3, ఐరన్, కాల్షియం సిట్రేట్. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి 500, 600కి మించి పట్టదు కాబట్టి విడివిడిగా వేసుకోవాలి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్‌ను టీతో మింగకూడదు. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది. ఏడుస్తూ ఫోన్ చేస్తారు పాపం. చాలామందికి ఆరేడు నెలల్లో అది సర్దుకుంటుంది, ఈలోగా ప్రోటీన్ మాత్రం తగ్గనివ్వకండి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.

రెండు మూడు రోజులు వరసగా వాంతులైతే ఇంటి దగ్గరి డాక్టరు గ్లూకోజు ఎక్కిస్తానంటాడు. ముందు థయమిన్, అంటే బీ1, ఇవ్వమని అడగండి. ఆపరేషనైన సంగతి తప్పకుండా చెప్పండి. బీ1 అడుగంటిన ఒంట్లోకి వట్టి గ్లూకోజు వెళ్తే మెదడుకే ప్రమాదం.

ఇక పెళ్ళిళ్ళు. మొహమాటంతో తిన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇంట్లో తినేసి వెళ్ళండి. బంతిలో కూర్చోకండి, విస్తరి ముందుంటే వడ్డించేవాడు ఆగడు. పెద్దవాళ్ళు బలవంతపెడితే "కడుపులో ఆపరేషన్ అయింది పిన్నీ, డాక్టరు వద్దన్నారు" అని నేరుగా చెప్పేయండి. దాచిపెట్టి, ఏదో వంక చెప్పి, చివరికి ఒక ముద్ద తిని పెళ్ళింటి వెనక నిలబడి నురుగు ఉమ్ముకున్న అమ్మాయి ఒకతె నాకు గుర్తుంది. మర్నాడు ఆమె వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో ఆ తల్లికే కాగితం మీద రాసిచ్చాను.