వేరుశనగ పొట్టు కార్బన్: ఎక్కడ తేడా కొడుతోంది?

అనంతపురం వైపు కాయలు ఆడించే మిల్లుల దగ్గర పొట్టుకు కొదవ లేదు. దాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, 450–500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ (నీటిలోని రంగునూ వాసననూ పట్టే సన్న రంధ్రాల బొగ్గు) గుళికలు చేసేవాళ్ల కోసం ఇది.

గుళికలు నీళ్లలో వేయగానే పొడైపోతున్నాయి

కాల్చిన తర్వాత గంజి కలిపి ఉండలు చేసి ఉంటారు. ఆ గంజి నీళ్లలో నానిపోతుంది. ఆమ్లం పట్టిన పొట్టు పొడిలోనే బెల్లం మడ్డి కలిపి, నొక్కి, ఆరబెట్టి, అప్పుడు కాల్చండి. మడ్డి కూడా బొగ్గుగా మారి పట్టి ఉంచుతుంది. వేడి మెల్లగా పెంచాలి, లేకపోతే ఆవిరి తన్ని గుళికలు పగులుతాయి. ఎంత చేసినా కొబ్బరి చిప్ప బొగ్గుకున్న గట్టిదనం మాత్రం రాదు.

బొగ్గు తక్కువ, బూడిద ఎక్కువ

గాలి దూరుతోంది. మూత సందులు మూయండి, వీలుంటే నైట్రోజన్ పంపండి.

అయోడిన్ సంఖ్య తక్కువ వస్తోంది

గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ను పట్టుకుంటుందో చెప్పేదే ఈ సంఖ్య. అది తగ్గితే అందరూ ముందు ఫర్నేస్‌నే అనుమానిస్తారు. నా సలహా, దాని జోలికి చివర్లో వెళ్లండి. ముందు కడగడం చూడండి: మిగిలిన ఆమ్లం రంధ్రాల్లోనే కూర్చుంటుంది. కడిగిన నీటి పీహెచ్ 6–7కు వచ్చేదాకా వేడినీళ్లతో కడగాలి. తర్వాత తేమ. నమూనాలో 20 శాతం తేమ ఉంటే, మీరు తూచిన గ్రాములో కార్బన్ 0.8 గ్రామే. మెత్తగా నూరి, 110 డిగ్రీల దగ్గర బరువు మారనంత వరకూ ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలని మూత పాత్రలో) చల్లార్చి తూచండి.

కార్బన్ పట్టగా మిగిలిన అయోడిన్‌ను థయోసల్ఫేట్ ద్రావణంతో కొలిచే టైట్రేషన్‌లోనూ తప్పు దొర్లుతుంది. థయోసల్ఫేట్ బలం నిల్వలో మారుతుంది కాబట్టి ఆ రోజే సరిచూసుకోండి. స్టార్చ్‌ను రంగు లేత పసుపుకు దిగాకే వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం: ఈ సంఖ్యను మిగిలిన అయోడిన్ గాఢత 0.02 నార్మల్ ఉన్న దగ్గర లెక్కగడతారు. కార్బన్ మోతాదు మార్చి మార్చి చేసి ఆ బిందువు పట్టుకోకపోతే, రెండు బ్యాచ్‌లను పోల్చడంలో అర్థం లేదు.

అయోడిన్ సంఖ్య బాగుంది, రంగునీళ్లు తేటపడటం లేదు

అయోడిన్ అణువు చిన్నది, సన్న రంధ్రాల్లోకీ దూరుతుంది. మిథిలీన్ బ్లూ లాంటి రంగు అణువుకు ఇంకాస్త వెడల్పు కావాలి. ఆమ్లం పాళ్లు పెంచి చూడండి. గుళిక లోపలికి రంగు చేరడానికి టైమ్ పడుతుంది, గంటకే తీర్పు ఇవ్వకండి.

బోరు నీటిలో ఫ్లోరైడ్ తగ్గలేదు

మన జిల్లాలో ఎక్కువమంది ఆశపడేది దీనికే. మామూలు కార్బన్ ఫ్లోరైడ్‌ను పెద్దగా పట్టదు, మీ తయారీలో లోపం కాదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టే అల్యూమినియం ఆక్సైడ్) వాడాలి, లేదా పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతికి వెళ్లాలి. కార్బన్‌ను వాసనకూ రంగుకూ ఉంచుకోండి.