బస్తా మారితే ఎసరు మారాలి: పచ్చి బియ్యానికీ ఉప్పుడు బియ్యానికీ కొలతలు

ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం దాటితే రాయగడ. ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగువాళ్ల వంటింట్లో ఒక డబ్బాలో వడ్లను ఉడికించకుండా ఆడించిన పచ్చి బియ్యం, ఇంకో డబ్బాలో ఉడికించి ఆడించిన ఉప్పుడు బియ్యం ఉండడం మామూలే. ఒడియా కొట్లో అయితే పచ్చి బియ్యాన్ని అరువా అనీ, ఉప్పుడు బియ్యాన్ని ఉసునా అనీ అడగాలి. ‘ఒకటికి రెండు నీళ్లు’ అన్న ఒక్క లెక్కతో రెండూ వండబోతే ఒకటి చిమిడిపోతుంది, రెండోది పలుకుగా మిగులుతుంది. ఎసరు ఎంత పెట్టాలో బియ్యం రకాన్ని బట్టి, దాని వయసును బట్టి, గిన్నె వెడల్పును బట్టి తేల్చుకోవాలి.

ముందు వయసు సంగతి. ఖరీఫ్ వరి కోసి ఆడించిన బియ్యం సంక్రాంతి నాటికి ఇళ్లకు చేరుతుంది. స్వర్ణ అయినా, శ్రీకాకుళం సన్నాలైనా, సాంబమసూరి అయినా కొత్తబియ్యం తక్కువ నీళ్లకే మెత్తబడి ముద్ద కడుతుంది. ఆరు నెలలు నిలవ ఉన్నాక అదే గింజ ఎక్కువ నీళ్లు లాగి, పొడుగ్గా సాగి, విడివిడిగా ఉడుకుతుంది. అందుకే కొత్త బస్తా విప్పిన రోజే పండగ వంటకు దిగకూడదు. ముందు ఒక చిన్న గ్లాసుడు మామూలు కొలతతో వండి చూడండి. ముద్దయితే ఈసారి గ్లాసుకు పావు గ్లాసు నీళ్లు తగ్గించండి, బిరుసుగా వస్తే పావు పెంచండి. వచ్చిన కొలత డబ్బా మూత మీద రాసి పెట్టుకుంటే ఆ బస్తా అయ్యేదాకా బెంగ లేదు. కొత్తబియ్యాన్ని పరమాన్నానికి, పులగానికి వాడితే అవి ఇంకా బాగుంటాయి.

పురుగు పట్టిందని బియ్యాన్ని మండుటెండలో ఆరబోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానాలి. ఒక్కసారిగా ఎండిన గింజలో సన్నని పగుళ్లు పడతాయి, అవి కంటికి ఆనవు. ఎసట్లో పడగానే గింజ అక్కడే చిట్లి, పిండి బయటికొచ్చి అన్నం జిగురవుతుంది. నీడలో, గాలి తగిలే చోట పల్చగా ఆరబోసి జల్లించండి. నూకలు కూడా అప్పుడే తీసేయాలి. అవి గింజకంటే ముందే ఉడికి మొత్తాన్నీ ముద్ద చేస్తాయి.

రేషన్ బియ్యంలో కాస్త వేరే రంగులో కనిపించే గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి చేసిన బలవర్ధక గింజలు. నూరు మామూలు గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. కొన్ని నీళ్ల మీద తేలినా వంపేయకండి, అన్నంతోపాటే ఉడుకుతాయి.

కడగడం రెండు మూడు సార్లు చాలు. పిసికితే గింజ విరుగుతుంది, చేత్తో మెల్లగా కలియతిప్పి వంచేయండి. ఉప్పుడు బియ్యానికి మిల్లు వాసన ఉంటే మొదటి కడుగు గోరువెచ్చని నీళ్లతో చేస్తే పోతుంది. తర్వాత పచ్చి బియ్యాన్ని 20 నుంచి 30 నిమిషాలు, ఉప్పుడు బియ్యాన్ని గంటసేపు నానబెట్టండి. నానని గింజకు పైభాగం ముందు ఉడికి, నడుమ గట్టిగా ఉండిపోతుంది.

గంజి వార్చి వండడం

ఉప్పుడు బియ్యానికి దీన్ని మించిన పద్ధతి లేదు. వడ్లను నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టాక ఆడించినవి ఇవి. గింజలో పిండి ఒకసారి ఉడికి మళ్లీ గట్టిపడింది కాబట్టి నీళ్లు లోపలికి నెమ్మదిగా దిగుతాయి. ఎంతసేపు పడుతుందో మిల్లును బట్టీ రకాన్ని బట్టీ మారుతుంది. నీళ్లు ధారాళంగా ఉంటే ఈ తేడా మనల్ని ఇబ్బంది పెట్టదు.

గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్లు, మూడు వంతులకు మించి నిండని లోతైన గిన్నె తీసుకోండి. ఎసరు తెర్లాక నానిన బియ్యం వంపి వేయండి. అడుగున గడ్డకట్టకుండా ఒక్కసారి గరిటె తిప్పి వదిలేయండి. మళ్లీ పొంగు రాగానే మంట మధ్యస్థంగా తగ్గించి మూత ఓరగా పెట్టాలి. సన్న ఉప్పుడు బియ్యానికి 20 నిమిషాలు, దొడ్డు బియ్యానికి 30 నుంచి 40 నిమిషాలు పట్టవచ్చు. గడియారం కంటే మెతుకును నమ్మండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే మధ్యలో తెల్లని చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క ఆవగింజంత ఉంటే ఇంకా ఉడకాలి. సూదిమొనంత మిగిలినప్పుడు, అంటే ఒక్క పలుకు మీద ఉండగానే వార్చేయాలి. పూర్తిగా ఉడికేదాకా ఆగితే వార్చేలోపే చిమిడిపోతుంది, ఎందుకంటే వార్చాక కూడా లోపలి వేడికి గింజ ఉడుకుతూనే ఉంటుంది.

సిబ్బి మూసి, గుడ్డతో రెండు పక్కలా పట్టుకుని వంచండి. గంజి బొట్లుబొట్లుగా పడేదాకా, మూడు నాలుగు నిమిషాలు అలాగే ఉంచాలి. తొందరపడి ఎత్తేస్తే అడుగున గంజి నిలిచి కింది అన్నం ముద్దవుతుంది. ఆ తర్వాత గిన్నెను సన్నని సెగ మీద రెండు నిమిషాలు పెట్టి దించి, పది నిమిషాలు ఉమ్మగిలనివ్వండి. నడుమలో నీళ్లు చాలవనిపిస్తే మరిగిన నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి, పైన మెత్త, లోన పలుకు అయిపోతుంది. గంజిని మాత్రం పారబోయకండి, గింజలోంచి దిగిన బి విటమిన్లు అందులోనే ఉంటాయి. ఉప్పు, కాస్త మజ్జిగ కలుపుకుని తాగచ్చు.

పచ్చి బియ్యాన్ని కూడా ఇలాగే వార్చవచ్చు. నీళ్లు ఐదు గ్లాసులు చాలు. నానిన సాంబమసూరి అయితే బియ్యం వేశాక పొంగు వచ్చిన దగ్గర్నుంచి 10, 12 నిమిషాల్లో వార్పుకు వస్తుంది. ఎనిమిదో నిమిషం నుంచే మెతుకు పట్టి చూస్తూ ఉండండి.

అత్తెసరు

వార్చకుండా ఇగిర్చే పద్ధతిలో లెక్క బాగా కుదరాలి. గింజ పీల్చుకునే నీళ్లు బియ్యం పెరిగినకొద్దీ పెరుగుతాయి. ఆవిరై పోయే నీళ్లు మాత్రం గిన్నె వెడల్పును, మంటను బట్టి ఉంటాయి గానీ బియ్యాన్ని బట్టి కాదు. అందుకే పాత పచ్చి బియ్యం ఒక గ్లాసుకు రెండుంపావు గ్లాసుల నీళ్లు పడితే, నాలుగు గ్లాసులకు తొమ్మిది పోయకూడదు. గ్లాసుకు గ్లాసున్నర గింజలోకి, మొత్తం మీద ముప్పావు గ్లాసు ఆవిరికి అని లెక్కేయండి: రెండు గ్లాసులకు మూడుముప్పావు, నాలుగింటికి ఆరుముప్పావు. చుట్టాలొచ్చిన రోజున అన్నం ముద్దయ్యేది ఈ లెక్క తెలియకే. నానబెట్టి వంచేసిన బియ్యం అప్పటికే కొంత నీరు పట్టి ఉంటుంది కాబట్టి గ్లాసుకు పావు గ్లాసు తగ్గించండి. కొత్తబియ్యమైతే మరో పావు.

మందపాటి అడుగున్న గిన్నె ముఖ్యం. మూత గట్టిగా పెట్టి, నీళ్లు ఇగిరి గింజల మధ్య చిన్న చిన్న గుంటలు కనిపించేదాకా మధ్యస్థం మంట, ఆ తర్వాత ఎనిమిది నిమిషాలు బాగా సన్నని సెగ. మధ్యలో మూత తీయవద్దు, కలపవద్దు. దించాక పది నిమిషాలు ఉమ్మగిలనివ్వాలి. అప్పుడే పైన ఉన్న తేమ అంతటా సర్దుకుంటుంది. కలిపేటప్పుడు అన్నం వడ్డించే హస్తాన్ని (చదును గరిటెను) అంచు నుంచి అడుగుకు దించి పైకి తిరగేయండి.

కుక్కర్లో ఆవిరి నష్టం తక్కువ. అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి, గిన్నె లోపల పెట్టి వండితే, నానిన పాత పచ్చి బియ్యానికి గ్లాసుకు గ్లాసుంముప్పావు సరిపోతుంది. మధ్యస్థం మంట మీద రెండు కూతలు చాలు. వెయిట్‌ను గరిటెతో లేపి ఆవిరి వదిలేస్తే గింజలు చిట్లుతాయి, దానంతటది దిగేదాకా ఆగండి.

కొరాపుట్ వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్లు అక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బరంపురంలో కుదిరిన సమయానికి అక్కడ ఉప్పుడు బియ్యం ఉడకదు. మంట పెంచినా వేడి పెరగదు, నీళ్లే ఎగిరిపోతాయి. ఇంకాస్త ఎక్కువసేపు నానబెట్టి, మూత పెట్టి ఐదారు నిమిషాలు అదనంగా ఉడికించండి, లేదంటే కుక్కరే మేలు. ఆ జిల్లా కలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిన్న నల్లని వడ్లు, సువాసన గల సన్న గింజ. దాన్ని వార్చితే సువాసన గంజితోపాటు పోతుంది. పావుగంట నానబెట్టి, అత్తెసరుగానే వండాలి.

అన్నం చెడితే

పలుకుగా ఉంటే పావు గ్లాసు మరిగే నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచండి. మాడు వాసన రాగానే, అడుగు గీకకుండా పైనున్న అన్నాన్ని వేరే గిన్నెలోకి తీసేయండి. కలిపితే వాసన మొత్తానికీ పడుతుంది. కాస్త ముద్దయినదాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరనిస్తే కొంత విడుతుంది. పూర్తిగా చిమిడిపోతే పెరుగన్నానికి వాడుకోవడమే.

మిగిలిన అన్నాన్ని రాత్రంతా పొడిగా బయట ఉంచకండి. బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అవి పెరిగి విడిచే విషం తిరిగి వేడి చేసినా పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా చద్దన్నం వేయండి. చద్దికి, ఒడియావాళ్ల చద్దన్నమైన పఖాళకు ఉప్పుడు బియ్యపు అన్నమే బాగుంటుంది, రాత్రంతా నీళ్లలో ఉన్నా గింజ కరగదు. అన్నం చల్లారగానే, రెండు అంగుళాలు పైకి తేలేలా తాగే నీళ్లు పోసి మూత పెట్టండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో తేలిగ్గా పులుస్తుంది. ఎండాకాలం అంతకంటే ముందే తయారవుతుంది. పులుపు వాసన మంచిదే. తీగలు సాగినా, దుర్వాసన వచ్చినా పారేయండి.