బిల్లు మీద ఆ స్టాంపు చూసి వెనక్కి రాకండి (నా అనుభవం)

కొన్న 20వ రోజుకే మా కొత్త ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. పొద్దున్నే తలుపు తీస్తే పాలు విరిగిపోయి, కూరగాయల డబ్బాలో నీళ్లు నిలిచి ఉన్నాయి. మెకానిక్ రెండుసార్లు వచ్చి గ్యాస్ నింపాడు. నాలుగు రోజులకే మళ్లీ అదే కథ. షాపుకెళితే ఓనరు నా బిల్లు తిరగేసి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న స్టాంపు మీద వేలు పెట్టి చూపించాడు. అది చూసే చాలామంది ఊరుకుంటారు, నా బాధ అదే. లోపమున్న సరుకుకు ఆ స్టాంపు అడ్డం కాదు. మార్చి ఇమ్మనో, డబ్బు తిరిగిమ్మనో అడిగే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకిచ్చింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు రాసుకుని నంబరిచ్చారు. కానీ హెల్ప్‌లైన్ కంపెనీతో మాట్లాడుతుందే తప్ప తీర్పు చెప్పదు. అందుకే షాపుకీ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. 15 రోజుల్లో మార్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతానని రాసి, రెండు సర్వీసు చీటీల జిరాక్సులు జతచేశాను. ఆ చీటీలే మన బలం, మెకానిక్ వెళ్లేలోపు అడిగి రాయించుకోండి. కమిషన్‌లో, సరుకుకు మనం కట్టిన ధర 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మనం ఉండే జిల్లాలోనే రెండేళ్లలోపు కేసు వేయొచ్చు.

ఉత్తరం పంపిన 11వ రోజున కొత్త ఫ్రిజ్ దిగింది. ఆటో వెళ్లేలోపే దాని సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకున్నాను.