డాలస్ పెరట్లో అక్టోబర్ కష్టాలు: చిక్కుడు పూయదు, కరివేపాకు రాలుతుంది

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ చుట్టుపక్కల కూరగాయలు పెంచే మన వాళ్లకు ఎండాకాలం గట్టెక్కాక అసలు టెన్షన్ మొదలవుతుంది. కొన్నేళ్లు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వాన జాడే ఉండదు. నవంబర్ మూడో వారం దాటేసరికి తొలి మంచుకు, అంటే ఆకు మీద నీరు గడ్డకట్టే చలికి, వేళవుతుంది, ఒక్కోసారి ఇంకా ముందే. ఈ మధ్యలో బెట్ట, చలి, పొద్దు తగ్గడం మూడూ ఒకేసారి మొక్క మీద పడతాయి. మనం మాత్రం ఆకు వాడినా, పండినా, రాలినా ముందు పైపే పట్టుకుంటాం. నేనూ మూడేళ్లు అదే చేశాను.

ఆకులు వేలాడేస్తున్నాయి

మధ్యాహ్నం మూడింటికి చూసి కంగారు పడకండి. ఆనప, గుమ్మడి లాంటి పెద్దాకు తీగలు ఎండలో వాలిపోవడం మామూలే. మర్నాడు పొద్దున ఏడింటికి చూడండి. అప్పటికి తేరుకుంటే సరే, అప్పుడూ వేలాడుతుంటే మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించండి.

పొడిగా ఉంటే దాహం. ఇక్కడ చాలా పెరళ్లలో ఉన్నది మన నల్లరేగడి లాంటి నేలే. ఎండితే నెర్రెలు విచ్చి సన్న వేళ్లను తెంపేస్తుంది. పైపు ఫుల్లుగా తిప్పితే నీళ్లు ఆ నెర్రెల్లోంచి కిందికి పోతాయి, వేళ్లకు అందవు. ముందు నెర్రెల్లో కంపోస్టు కూరండి. తర్వాత సన్నధారగా పది నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్లీ పది నిమిషాలు పెట్టండి. డాలస్ నగరంలో స్ప్రింక్లర్ వారానికి రెండు రోజులకు మించకూడదు గానీ, చేత్తో పట్టడానికీ డ్రిప్‌కీ ఆ అడ్డు లేదు. పైన మూడంగుళాల ఎండాకు పరవండి. వీధి చివర సంచుల్లో కట్టి పెట్టే ఓక్ ఆకులకు మించింది లేదు, పైగా ఉచితం. అడిగి తెచ్చుకోండి.

మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాలిపోయిందంటే వేరు కుళ్లుతూ ఉండొచ్చు. నీళ్లు పూర్తిగా ఆపేయండి.

చిక్కుడు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ లేదు

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. తప్పు ఎరువుది కాదు, మీది అంతకన్నా కాదు. మన పందిరి చిక్కుడు రాత్రి పొడవును బట్టి పూస్తుంది. రాత్రులు పెరిగితేనే దానికి పూత మీదికి మనసు పోతుంది. జూన్‌లో విజయవాడలో పగలు సుమారు 13 గంటలైతే, డాలస్‌లో 14 దాటుతుంది. అందుకే ఇక్కడ తీగ ఆకులు వేసుకుంటూ కూర్చుని, సెప్టెంబర్ చివరికో అక్టోబర్‌కో మొగ్గ తొడుగుతుంది. అక్కడ ఆషాఢంలో గింజ పెడితే కార్తీకంలో పూత, సంక్రాంతికి కూర. ఇక్కడ ఆ కార్తీకంలోనే మంచు వచ్చి పిందెల్ని మాడ్చేస్తుంది.

ఈ ఏడాదికి చేయగలిగింది కొంచెమే. నత్రజని ఎరువు ఆపండి, వేస్తే ఇంకా ఆకే పెరుగుతుంది. పందిరి మీద రాత్రంతా పడే లైటు ఏదైనా ఉంటే ఆపేయండి. మొక్కకు అది చీకటి చాలని రాత్రి. మా ఇంట్లో పేటియో లైటు వైపున్న సగం తీగ రెండు వారాలు ఆలస్యంగా పూసింది, నాకు విషయం తెలిసింది కూడా అలాగే. మంచు రాత్రుల్లో తీగను కప్పితే రెండు మూడు సార్లు కూరకు కాయలు దక్కొచ్చు.

వచ్చే ఏడాదికి మాత్రం రకం మార్చండి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ రకాలకు పగటి పొడవుతో పని లేదు. పొట్టి మొక్కలు, పందిరీ అక్కర్లేదు. రుచిలో పందిరి చిక్కుడే మేలంటారు మా అత్తగారు. కాసిన చిక్కుడే రుచి అంటాను నేను. ఇండియా నుంచి గింజలు సూట్‌కేసులో వేసుకొచ్చేయకండి, దానికి అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. ఇక్కడ అమ్మేవాళ్ల దగ్గరే కొనుక్కోవడం తేలిక.

గోంగూరదీ ఇదే కథ. అక్టోబర్‌లో ఆకు చిన్నదై పూత కొచ్చిందంటే నీళ్లు తక్కువై కాదు, పొద్దు తగ్గి. కొమ్మలు కత్తిరించి పచ్చడి పెట్టేసుకుని, ఒక్క మొక్కను విత్తనానికి వదలండి.

ఫోన్‌లో 36 డిగ్రీల ఫారెన్‌హీట్ అని చూపించింది, పొద్దున చూస్తే వంగ నల్లబడింది

ఫోన్ అబద్ధం చెప్పలేదు. ఆ లెక్క నేలకు ఐదారు అడుగుల ఎత్తున గాలిది. మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. బరువైన చల్లగాలి కిందే పేరుకుంటుంది. అందుకే పైన 36 ఫారెన్‌హీట్ ఉన్నా ఆకు మీద 32, అంటే నీరు గడ్డకట్టే చలి, కావచ్చు. 36 అని కనబడగానే మంచు పడుతుందనే లెక్కేసుకోండి.

మట్టి ఎండి ఉంటే ముందురోజు మధ్యాహ్నం తడపండి. తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుని రాత్రి వదులుతుంది. పాత దుప్పటి నేలకు ఆనేలా కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి. మొక్క నెత్తిన గొడుగులా కప్పితే నేల వేడి పక్కల నుంచి పోతుంది. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగిలితే తగిలిన చోటల్లా మాడుతుంది. ఎండ రాగానే తీసేయండి. ఉత్తరగాలి హోరున వీచే రాత్రి దుప్పట్లతో పెద్ద ప్రయోజనం ఉండదు. అలాంటి రోజు చీకటి పడకముందే కాయలన్నీ కోసేయండి. పచ్చి టమాటాలతో పచ్చడి ఎలాగూ ఉంది.

కరివేపాకు లోపల పెట్టాక బోడిగా అయిపోయింది

ముందు ఎప్పుడు లోపలికి తెచ్చారో గుర్తు చేసుకోండి. మంచు దాకా ఆగకూడదు. రాత్రులు 50 ఫారెన్‌హీట్ లోపుకు దిగుతుంటేనే తెచ్చేయాలి. ఎండలోంచి తెచ్చి ఒక్కసారిగా చీకటి గ్యారేజీలో పెడితే ఆకు రాల్చక ఏం చేస్తుంది? వారం రోజులు నీడ పట్టున ఉంచి, తర్వాత దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, హీటర్ గాలి నేరుగా తగలకుండా.

కొమ్మ పచ్చగానే ఉండి ఆకులు మాత్రం రాలితే అది నిద్ర. పది పదిహేను రోజులకోసారి, పైమట్టి బాగా ఎండాకే నీళ్లు పోయండి. పాపం కదా అని రోజూ గ్లాసుడు పోసే ఇళ్లలోనే ఎక్కువ చస్తుంది. ఆకు వెనక సన్న గూడు, తెల్ల చుక్కలు కనిపిస్తే నల్లి పట్టినట్టు. కుండీని బాత్‌టబ్‌లో పెట్టి ఆకులు రెండు వైపులా కడగండి, వారానికోసారి, మూడు వారాలు. కాండం మీద గోధుమరంగు బొడిపెలుంటే పొలుసు పురుగు, గోరుతో గీకేయండి.

ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా ఉంటే ఇనుము అందడం లేదు. ఇక్కడి నీళ్లు క్షార గుణం కలవి కాబట్టి మట్టిలో ఇనుమున్నా మొక్క తీసుకోలేదు. చీలేటెడ్ ఐరన్ (ఇలాంటి మట్టిలోనూ మొక్క తీసుకోగలిగే ఇనుము మందు) ఇవ్వండి, అదీ వసంతంలో చిగురేసేటప్పుడు. పుల్ల మజ్జిగ పోయడం నాకూ అలవాటే, కానీ చలికాలం ఇంట్లో వద్దు. వాసనతో పాటు దోమల్లాంటి ఈగలు లేస్తాయి.

ఒక మాట, పక్క రాష్ట్రంలో ఉన్న చెల్లెలికి కరివేప మొక్క పార్శిల్ చేయకండి. నిమ్మజాతిని చంపే తెగులును మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది, అందుకే టెక్సస్ నుంచి మొక్కల తరలింపుకు ఆంక్షలున్నాయి.

దొండ, మునగ, మల్లె: పైనంతా చచ్చింది

దొండ, మునగ నేల దాకా మాడినా బతికే అవకాశముంది. మొదలు చుట్టూ ఆరంగుళాల ఎండాకు గుట్టగా పోసి వదిలేయండి. కుండీలో మల్లె మాత్రం లోపలికే.

ఎండిన కొమ్మల్ని వెంటనే నరకకండి. ఆ పుల్లలే కింద చిగురుకు కాస్త రక్షణ. ఫిబ్రవరిలో నాలుగు వెచ్చటి రోజులు చూసి కత్తిరిస్తే, చిగుర్లు వేసి మార్చి మంచుకు దొరికిపోతుంది. ఏప్రిల్‌లో గోరుతో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగైతే ఇంకా కిందికి గీకండి. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ సున్నాకు రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువకు పడిపోయినప్పుడు, మా దానిమ్మను పోయిందనుకుని తవ్వబోతే గునపం దొరకలేదు. మే నెలలో మొదట్లోంచి మూడు పిలకలు వచ్చాయి.